మర్యాదగా అడగడం ఎవరికి నేర్పుతున్నాం?

స్పోకెన్ ఇంగ్లీషు పుస్తకాల్లో ఎక్కడో ఒకచోట తప్పకుండా ఒక పాఠం ఉంటుంది: మర్యాదగా ప్రశ్నించడం ఎలా? ‘వేర్ ఈజ్ ద గేట్?’ అని సూటిగా అడగకూడదు. ‘కుడ్ యూ టెల్ మీ వేర్ ద గేట్ ఈజ్?’ అనాలి. ఎయిర్‌పోర్టులో ఉద్యోగాల కోసం చూస్తున్న అమ్మాయిలకి శంషాబాద్‌లో వారానికి రెండు రోజులు నేను ఇలాంటి పాఠాలు చెబుతుంటాను. సాహిత్యంలో డాక్టరేట్ చేసి ఈ వ్యాకరణం చెప్పడమేమిటని స్నేహితులు నవ్వుతారు. కానీ స్త్రీలూ, భాషా, అధికారం అనే విషయం మీద ఈ మధ్య నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ పాఠమే.

వ్యాకరణం మరీ కష్టమేం కాదు. మామూలు ప్రశ్నలో ‘ఈజ్’ ముందుకొస్తుంది. ఆ ప్రశ్నని ‘కుడ్ యూ టెల్ మీ’ తర్వాత పెట్టగానే అది తిరిగి వెనక్కి వెళ్ళిపోతుంది. ‘వెన్ డజ్ ద ఫ్లైట్ లీవ్?’ కాస్తా ‘డు యూ నో వెన్ ద ఫ్లైట్ లీవ్స్?’ అవుతుంది, ‘డజ్’ మాయమవుతుంది. అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నయితే ‘ఇఫ్’ గానీ ‘వెదర్’ గానీ వచ్చి చేరుతుంది. అమ్మాయిలు మొదట్లో ‘కుడ్ యూ టెల్ మీ వేర్ ఈజ్ ద గేట్?’ అనే అంటారు. అప్పుడు తెలుగులోకి వస్తాను. ‘గేటు ఎక్కడుంది?’ అనేది ‘గేటు ఎక్కడుందో చెప్తారా?’ అవుతుంది కదా. మన ‘ఓ’ చేసే పనిని ఇంగ్లీషులో మాటల వరస చేస్తుంది. ‘ఫ్లైట్ వచ్చిందా?’ అన్నది ‘వచ్చిందో లేదో’ అయ్యే చోట ‘ఇఫ్’ వస్తుంది.

“గిది మాకు వచ్చిందే గద మేడం” అన్నదో అమ్మాయి.

నిజమే. ఆడవాళ్ళకి ఇది బాగా వచ్చు. ‘పండక్కి అమ్మ వాళ్ళింటికి వెళ్ళొస్తే బాగుంటుందేమో’ అని భర్త మొహం చూడకుండా అనే స్త్రీలు మనకి తెలియనివాళ్ళు కాదు. ‘వెళ్తాను’ అనే మాట ‘ఏమో’ వెనక దాక్కుంటుంది. అమెరికన్ భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్ ‘లాంగ్వేజ్ అండ్ వుమన్స్ ప్లేస్’ (1975)లో దీన్నే చర్చించింది. మెత్తగా, అనుమానంగా మాట్లాడమని ఆడపిల్లకి నేర్పేదీ లోకమే, అలా మాట్లాడుతుంది కాబట్టి ఆమెకి దేనిమీదా గట్టి అభిప్రాయం లేదనేదీ లోకమే. ఆ తర్వాత ఓబార్, అట్కిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు నార్త్ కరోలినా కోర్టుల్లో సాక్షుల మాటల్ని పరిశీలించి 1980లో ఇంకో మాట చేర్చారు. ఇలా మాట్లాడేది స్త్రీలందరూ కాదు, స్త్రీలు మాత్రమే కాదు. హోదా లేని మగవాళ్ళూ ఇలాగే మాట్లాడారు, హోదా ఉన్న స్త్రీలు ఇలా మాట్లాడలేదు.

ఎయిర్‌పోర్టులో నిలబడి చూస్తే ఇది కళ్ళకి కడుతుంది. ఇమిగ్రేషన్ కౌంటర్‌లో ‘పర్పస్ ఆఫ్ విజిట్?’ అంటారు. అధికారం ఉన్నచోట పూర్తి వాక్యం కూడా అక్కర్లేదు. కౌంటర్‌లోని అమ్మాయి మాత్రం ‘మే ఐ సీ యువర్ బోర్డింగ్ పాస్, ప్లీజ్?’ అనాలి. ఆమెతో మర్యాదగా మాట్లాడిన ప్రయాణికుడే నాలుగడుగులు వేసి, నేల తుడుస్తున్న స్త్రీని ‘ఏయ్, బాత్రూం ఎక్కడ?’ అంటాడు. ఇంగ్లీషులో ‘యూ’ ఒక్కటే కాబట్టి మర్యాదంతా వాక్యం చుట్టూ కట్టాలి. మనకి ‘నువ్వు’, ‘మీరు’ రెండూ ఉన్నాయి. ఏది ఎవరికి దక్కుతుందో కులమూ, వర్గమూ, కట్టుకున్న యూనిఫామూ ముందే తేల్చేస్తాయి.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు బేగంపేట నుంచి ఇక్కడికి మారాయి. దాదాపు 5,500 ఎకరాల్లో ఎయిర్‌పోర్టు వచ్చింది. నా క్లాసులో చాలామంది చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. భూమి పోయినప్పుడు మీ ఇంట్లో ఎవర్ని అడిగారని ఒకసారి మాటల్లో అడిగాను. “మా నాయనమ్మను ఎవ్వలడిగిన్రు మేడం? కాయితంల తాత పేరే ఉండె” అన్నది ఒకమ్మాయి. ఆ చేలో కలుపు తీసిందీ, కోత కోసిందీ ఆవిడే. ఆవిడని మర్యాదగానూ అడగలేదు, సూటిగానూ అడగలేదు. ఇప్పుడు మనవరాలు అదే నేల మీద ‘కుడ్ యూ ప్లీజ్’ అనడం ప్రాక్టీసు చేస్తోంది.

మేం వాడే పుస్తకంలో ఇలాంటి ప్రశ్నలు నలభై దాకా ఉన్నాయి. అన్నీ ఉద్యోగిని ప్రయాణికుల్ని అడిగేవే. ఉద్యోగిని యజమానిని అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు. అందుకని ఒకరోజు పుస్తకం పక్కన పెట్టి, మీరు ఏమేం తెలుసుకోవాలో చెప్పండి అన్నాను. జీతం ఏ తారీఖున ఇస్తారు? పీఎఫ్ కడతారా? నైట్ షిఫ్ట్‌కి క్యాబ్ ఉందా? నెలసరి రోజుల్లో కూర్చోనిస్తారా? 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకి ఇంటర్నల్ కమిటీ ఉండాలనీ, దానికి స్త్రీయే అధ్యక్షత వహించాలనీ చెప్పాను. ‘కుడ్ యూ టెల్ మీ హూ ద మెంబర్స్ ఆర్?’ అని బోర్డు మీద రాశాం. ఆ రోజు ‘ఆర్’ ఎక్కడ రావాలో ఎవరూ మర్చిపోలేదు.

వాళ్ళలో ఒకమ్మాయి ఇంటర్వ్యూకి వెళ్ళి ‘ఐ వజ్ వండరింగ్ ఇఫ్ దేర్ ఈజ్ ఎ క్యాబ్ ఫర్ ద నైట్ షిఫ్ట్’ అని చక్కగా అడిగింది. “వుయ్ విల్ సీ” అన్నారట. రెండోసారి “క్యాబ్ ఉందా, లేదా సార్?” అని తెలుగులో అడిగింది. “ఉంది, మెయిన్ రోడ్డు దాకా” అన్నారు. మెయిన్ రోడ్డు నుంచి వాళ్ళ ఊరు మూడు కిలోమీటర్లు. షిఫ్ట్ అయ్యేది రాత్రి రెండింటికి. ఆమె ఆ ఉద్యోగంలో చేరలేదు. తర్వాత ఇంకోచోట పగటి షిఫ్ట్ దొరికింది, జీతం కొంచెం తక్కువ.

మర్యాద మీద పరిశోధించిన బ్రౌన్, లెవిన్సన్ చెప్పేదేమిటంటే, చుట్టూ తిప్పి అడగడమంటే ఎదుటివాళ్ళకి తప్పుకునే దారి వదలడం. ‘చెప్పగలరా?’ అంటే ‘చెప్పలేను’ అనే వీలుంటుంది. ముక్కూమొహం తెలియని మనిషిని దారి అడిగేటప్పుడు అది సంస్కారం. ఆ సంస్కారం అమ్మాయిలకి అవసరమే. అది రాకపోతే ఆ కౌంటర్ల దగ్గరికి రానివ్వరు కూడా. కానీ జీతం, భద్రత, ఇల్లు చేరే దారి గురించి అడిగేటప్పుడు అవతలివాళ్ళకి తప్పుకునే దారి మనమెందుకు వదలాలి?

అందుకే ఇప్పుడు ఈ పాఠం చెప్పేటప్పుడు ప్రతి ప్రశ్ననీ రెండు రకాలుగా రాయిస్తున్నాను, మర్యాదగా ఒకటి, సూటిగా ఒకటి. మొదటిదానికి జవాబు రాకపోతే రెండోది అడగాలి. ‘వేర్ ద గేట్ ఈజ్’ దగ్గర ఇంకా కొందరు తడబడుతూనే ఉన్నారు. రెండో రకానికి మాత్రం ఎవరికీ వ్యాకరణం చెప్పాల్సిన అవసరం రాలేదు. గొంతు పెంచి చెప్పమనడమే కొంచెం కష్టంగా ఉంది.