చుక్క, సున్న, గీత

మలివయసులో మతిమరుపు ముందుగా దోచుకొనేది చిన్న మాటలనే: ఎవరికేమి మాట ఇచ్చాము, ఏ మందు ఎప్పుడు తెచ్చుకోవాలి. అందుకే మా అబ్బాయి నేర్పిన టెర్మినల్ నల్లతెర మీద బులెట్ జర్నల్ వ్రాసుకొంటున్నాను.

రైడర్ కారొల్ అనే డిజైనర్ 2013లో లోకానికి పరిచయం చేసిన పద్ధతి ఇది. చేయవలసిన పనికి చుక్క, సంఘటనకు సున్న, గుర్తుంచుకోవలసిన విషయానికి గీత. పూర్తయిన పనికి ఇంటూ గుర్తు, వచ్చే నెలకు మోసుకుపోయే దానికి బాణపు మొన. గురులఘువులు గుర్తించిన చేతికి ఇదేమంత కష్టం!

కారొల్ చెప్పినవి కాగితమూ కలమూ. నాది సాదా టెక్స్టు ఫైలు. 'ఎకో' అని, వాక్యాన్ని కొటేషన్లలో ఉంచి, రెండు బాణపు మొనలు వేసి ఫైలు పేరిస్తే ఆ పంక్తి చివరన చేరుతుంది. ఒకే మొన వేస్తే పాతదంతా చెరిగిపోతుంది! వెతకడానికి 'గ్రెప్' ఉంది. యూనికోడ్ పుణ్యమా అని తెలుగులోనే అడగవచ్చు. తెరపై ఒత్తులు ఒక్కొక్కప్పుడు చెదిరి కనిపించినా ఫైలులో అక్షరం చెక్కుచెదరదు.

కాగితం మీద మిగిలిన పనిని మళ్ళీ చేత్తో వ్రాయాలి. ఆ శ్రమే "ఇది నిజంగా కావాలా?" అని నిలదీస్తుంది. నకలు తీయడం యంత్రానికి శ్రమ కాదు గనుక ఆ ప్రశ్నే పుట్టదు. కాబట్టి నెలాఖరున నేను నకలు తీయను, ఒక్కొక్కటే మళ్ళీ టైపు చేస్తాను. మొన్న అలా చాలా పనులు రాలిపోయాయి. "నాన్నగారి పద్యాలకు శుద్ధప్రతి" అన్న పంక్తిని మాత్రం అయిదవసారీ వేళ్ళు వదలలేదు.

నిన్న మొదటి పద్యం ఎక్కించాను.