తేటనీటిలో చేపలు

గత క్రిస్మస్ సెలవుల్లో నల్లగొండలో మా చిన్నమ్మాయికి గాజుతొట్టి కొన్నాను. ఆ రోజే ఆరు గోల్డ్‌ఫిష్ పిల్లలను కూడా అందులో వేశాము. వారం తిరగకముందే రెండు చనిపోయాయి. మిగిలినవి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. నీరు మాత్రం తేటగానే ఉంది. రాత్రి కుటుంబ ప్రార్థనలో పాప చేపల కొరకు ప్రార్థించింది. "బాగవుతాయిలేమ్మా" అన్నాను. సంఘకాపరులకు ఆ మాట నోటికి అలవాటే!

మరునాడు శుభ్రం చేద్దామని ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పిండి కడిగాను. ఇంకొకటి పోయింది.

చేపలమ్మే కుర్రవాడు ఓపికగా చెప్పాడు. చేపల విసర్జన, మిగిలిన మేత అమ్మోనియా అవుతాయి. అది కంటికి కనబడని విషం. ఒక రకం సూక్ష్మజీవులు దానిని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరొక రకం దానిని అంత హానిలేని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో అవి స్థిరపడడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. వాటి నివాసం ముఖ్యంగా ఆ స్పాంజే. కుళాయి నీటి క్లోరిన్ వాటిని చంపుతుంది.

మర్రిగూడ వైపు ఊళ్లలో ఫ్లోరైడు వలన వంగిపోయిన కాళ్లకు ప్రార్థన చేసినవాడిని నేను. తేటనీటిలో విషముంటుందని నాకు వేరే చెప్పాలా?

"డాడీ, దేవుడు వినలేదా?" అంది పాప.

"విన్నాడమ్మా. స్పాంజి కడిగింది నేను" అన్నాను. అది చెప్పడానికి రెండు రోజులు పట్టింది.

తరువాత రోజు విడిచి రోజు చిటికెడే మేత వేశాము. రోజూ నాలుగో వంతు నీరు తీసి, ముందురోజు బకెట్టులో పట్టి ఉంచిన నీరు పోశాము. ఏడో వారానికి మూడూ అడుగున తిరుగుతూ మేత వెదకుతున్నాయి. స్పాంజిని ఇప్పుడు పాపే, తొట్టిలోంచి తీసిన నీటిలో జాడిస్తుంది. నన్ను ముట్టుకోనివ్వదు.