మా కోనసీమ గాలి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని సామెత. మా కోనసీమలో రోళ్లు పగలవు, మనిషే కరుగుతాడు. గౌతమీ వసిష్ఠల నడుమ, సముద్రానికి ఆనుకొని ఉన్న ఈ లంకల సీమలో ఉష్ణమాపకం చూపే అంకె ఎన్నడూ పూర్తి నిజం చెప్పదు. ఉద్యోగరీత్యా నేను కొన్నేళ్లు ఆదిలాబాదులో ఉన్నాను. అక్కడ 42 డిగ్రీల ఎండలోనూ చెట్టునీడకు చేరితే ప్రాణం కుదుటపడేది. ఇక్కడ 36కే ఒంటి మీది చెమట ఆరదు. కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లో కొబ్బరాకు కదలక, మధ్యాహ్నపు సముద్రపు గాలి కోసం ఊరు ఊరంతా అరుగుల మీద కూర్చుంటుంది. మృగశిర ప్రవేశిస్తే ఆ ఉక్కపోత కొంత సడలుతుంది. పడమటి మేఘాలతో నారుమళ్లు మొదలవుతాయి. శ్రావణ భాద్రపదాల్లో మా ఊళ్లో చినుకు పడకపోయినా ఎగువ వానలకు గోదావరి లంకలను ముంచుతుంది. 1986 ఆగస్టు వరదను చూసినవారు నేటికీ ఏ వరదనైనా దానితోనే కొలుస్తారు.

అసలు భయం ఆశ్వయుజ కార్తికాలది. చేను పొట్ట మీదో కోతకో ఉన్నప్పుడు బంగాళాఖాతం కలగబడుతుంది.

1996 నవంబరు 6, దీపావళికి నాలుగు రోజుల ముందు. నేను కళాశాల విద్యార్థిని. ముమ్మిడివరం దాపున మా ఇల్లు. చీకటి పడ్డాక ఉత్తరపు గాలి పెంకులు లేపేసింది. కొంతసేపటికి ఒక్కసారిగా అంతా సద్దుమణిగింది. చుక్కలు కూడా కనిపించాయి. పెద్దనాన్న పశువుల కట్లు విప్పడానికి లాంతరు తీసుకొని లేచారు. "ఆగరా, గాలి ఇంకా తిరగలేదు" అంది మామ్మ. ఆవిడకు అక్షరం రాదు. తుఫాను కన్ను మా మీదుగా పోతున్నదని, దాని వెనుక అంతే బలంతో దక్షిణపు గాలి రానున్నదని నాకు తెలియదు. నేను పెద్దనాన్నను ఆపలేదు. తెల్లవారి కొబ్బరి మొద్దుల కింద ఆయన దొరికారు. ఆ తుఫాను వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది.

తరువాత చరిత్ర చదువుకుంటూ, గౌతమికి ఉత్తరాన ఉన్న కోరంగి రేవును 1789లోనూ 1839లోనూ ఉప్పెనలు ముంచిన సంగతి తెలుసుకున్నాను. తుఫానుకు 'సైక్లోన్' అని పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్, 1848లో వెలువరించిన తన గ్రంథంలో సుడి తిరిగే గాలి లక్షణాన్ని నావికుల కోసం వివరించాడు. ఆ పుటలు చదువుతుంటే మామ్మ గొంతే వినిపించింది.

మా కార్యాలయాల్లో ఉదయం 8.30కు వర్షమాపకం చూసి లెక్క రాస్తారు. 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన కురిసిన రోజు. ఆ రిజిస్టరులో గాలి దిక్కుకు గడి లేదు. నాన్న ఆ తోటలో మళ్లీ మొక్కలు నాటారు; కాపుకు రావడానికి ఆరేళ్లు పట్టింది. 2022లో కోనసీమ వేరు జిల్లా అయింది. ఇప్పుడు వాయుగుండం హెచ్చరిక రాగానే ఇంటికి ఫోను చేస్తాను. అమ్మ ముందుగా వాన సంగతి చెబుతుంది. గాలి ఎటునుంచి వీస్తోందో నేను అడిగి తెలుసుకుంటాను.