'వెళ్లు' కాదు... 'వెళ్దాం రా'

ఆ రోజు మా తమ్ముణ్ణి నేనన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. "నీ ఈడువాళ్లంతా పెళ్లిళ్లు చేసుకుని పిల్లల్ని స్కూళ్లకు పంపుతున్నారు. నువ్వు స్నానానికి కూడా లేవవు. ఇంత బద్ధకం ఏమిట్రా?" అన్నాను. వాడికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. దుప్పటి ముసుగేసుకుని అటు తిరిగి పడుకున్నాడు.

తమ్ముడిది స్కిజోఫ్రేనియా. పాలిటెక్నిక్ చివరి సంవత్సరంలో మొదలైంది. ఎవరో తిడుతున్నట్టు మాటలు వినిపించేవి. అన్నంలో ఏదో కలుపుతున్నారనేవాడు. గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టించాం. ఆఖరికి మానసిక వైద్యుడికి చూపించాం. మాత్రలు వాడిన కొన్ని నెలలకు ఆ మాటలు ఆగిపోయాయి. గండం గడిచిందనుకున్నాం.

అసలు కష్టం అప్పుడే తెలిసింది. క్యారమ్స్‌లో వాణ్ణి ఓడించేవాడు మా వీధిలో లేడు. ఆ బోర్డు అటకెక్కింది. స్నేహితులొస్తే పెరట్లోకి వెళ్లిపోయేవాడు. ఏమడిగినా 'ఊ' తప్ప మాట లేదు. "కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని నాన్న రోజూ సణిగేవారు. "మాటలు వినపడటం లేదుగా, ఇంకేం రోగం?" అని చుట్టాలు.

అమ్మకు ఒంట్లో బాగోక ఒకసారి వాణ్ణి డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్లాను. "బద్ధకం తగ్గడానికి మందేదైనా ఇవ్వండి" అని అడిగేశాను. ఆయన నవ్వలేదు. "ఈ జబ్బు కొన్నిటిని తెచ్చిపెడుతుందమ్మా... లేని మాటలు, లేనిపోని అనుమానాలు. కొన్నిటిని పట్టుకుపోతుంది... చొరవ, మాట, ముఖంలో భావం, నలుగురిలో కలవాలన్న కోరిక. మాత్రలు మొదటివాటి మీద పనిచేసినంతగా రెండోవాటి మీద పనిచెయ్యవు" అన్నారు. ఒక్కోసారి మాత్రల మత్తు వల్లో, దిగులు వల్లో కూడా ఇలా ఉండొచ్చట. అది చూసి మోతాదు మార్చాల్సింది డాక్టరే, మనంతట మనం ఆపకూడదు. ఇంట్లో సూటిపోటి మాటలు ఎక్కువైతే జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఎక్కువేనట.

"ఇష్టమైంది తింటున్నప్పుడు అతనికీ బాగానే ఉంటుంది. తింటే బాగుంటుందన్న ఆశే ముందుగా పుట్టదు. ఆశ లేకుండా మనిషి ఎలా లేస్తాడు?" అన్నారాయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెసరట్టు పెడితే తమ్ముడు ఇష్టంగా తింటాడు. కావాలని మాత్రం అడగడు. 'అడగడానికి కూడా బద్ధకమే' అని ఎన్నిసార్లన్నానో!

ఆ తర్వాత ఇంట్లో 'వెళ్లు' అనడం మానేశాం. 'వెళ్దాం రా' అన్నాం. రోజూ ఉదయం ఆరున్నరకు అమ్మ వాణ్ణి వెంటబెట్టుకుని పాలకు వెళ్లేది. అదొక్కటే పని. వాడు కదలని రోజులూ ఉన్నాయి. నాలుగు నెలలకు ఒకరోజు తనే సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇప్పుడు ఒక్కడే వెళ్లొస్తున్నాడు. చిల్లర లెక్క చూసి మరీ ఇస్తాడు. ఉద్యోగం లేదు, పెళ్లి కాలేదు. పాలప్యాకెట్ తేవడం కూడా గొప్పేనా అని నవ్వేవాళ్లున్నారు. మా ఇంట్లో అది గొప్పే.

మాలాంటి వాళ్లెవరైనా సలహా అడిగితే, తాయెత్తుల దాకా వెళ్లకుండా ముందు 14416కు ఫోన్ చెయ్యమంటాను. అది 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు. మాకు ఆ రోజుల్లో అలాంటిది లేదు.

నాన్న ఇదేదీ చూడకుండానే పోయారు. 'వాడు సోమరి కాదు నాన్నా' అని చెప్పే అవకాశం నాకు రాలేదు.

మొన్న సంక్రాంతికి పుట్టింటికి వెళ్లాను. తమ్ముడు వరండాలో కూర్చుని ఉన్నాడు. నా వంక చాలాసేపు చూసి, "అక్కా, తిన్నావా?" అన్నాడు. ఎన్నేళ్లయిందో వాడు నన్ను ఒక ప్రశ్న అడిగి! దారిలో తినే వచ్చాను. అయినా "లేదురా" అన్నాను.

వాడు లేచి, లోపలికెళ్లి కంచం తెచ్చాడు.