గళ్ళు చెప్పే ఊరు, నూలు చెప్పే ఊరు

ఓడరేవుకూ ఉక్కుకూ పేరుపడ్డ విశాఖపట్నంలో ఏ బట్టల కొట్టుకైనా వెళ్ళి చూడండి. కొట్టులో మనిషి చీరలు ఒక్కొక్కటే పరుస్తూ, "ఇది ఉప్పాడ, ఇది వెంకటగిరి, ఇది మంగళగిరి, ఇది గద్వాల" అంటాడు. అవన్నీ ఊళ్ళ పేర్లే. మంచి పంచె కావాలంటే "పొందూరు" తీస్తాడు. అదీ ఊరే! మన బట్ట దాన్ని నేసినవాడి ఊరు చెబుతుంది. అయితే, కట్టుకున్నవాడి ఊరు చెప్పే బట్ట కూడా ఒకటి ఉన్నది. అది చూడాలంటే చాలా దూరం, స్కాట్లండు దాకా పోవాలి.

స్కాట్లండు బ్రిటన్ దీవికి ఉత్తరపు కొసన ఉన్నది. అంతా కొండలు, చలి, వాన. అక్కడివాళ్ళు గొర్రె ఉన్నితో గళ్ళబట్ట నేస్తారు. దాన్ని టార్టన్ అంటారు. మగవాళ్ళు దాన్ని నడుముకు చుట్టి, వెనక కుచ్చిళ్ళు పెట్టి, మోకాళ్ళదాకా కట్టుకుంటారు. ఆ కట్టు పేరు కిల్ట్.

టార్టన్‌లో ఒక చిత్రం ఉన్నది. పడుగులో ఏ రంగులు ఏ వరసన వస్తాయో, పేకలో కూడా సాధారణంగా ఆ రంగులే ఆ వరసనే వస్తాయి. ఎరుపు పడుగు మీదికి ఎరుపు పేక వస్తే నిండు ఎరుపు. ఆకుపచ్చ మీదికి ఆకుపచ్చ వస్తే నిండు ఆకుపచ్చ. ఎరుపు, ఆకుపచ్చ కలిసినచోట మూడో రంగు కనిపిస్తుంది. అంటే రెండు రంగుల నూలుతో మూడు రంగులు! నాలుగు రంగుల నూలు వాడితే ఎన్ని వస్తాయి? సొంత రంగులు నాలుగు, రెండేసి కలిసినవి ఆరు, మొత్తం పది. కావాలంటే గళ్ళ కాగితం మీద రంగుపెన్సిళ్ళతో వేసి చూడండి.

మార్టిన్ మార్టిన్ అనే ఆయన స్కాట్లండు పడమటి దీవులను గురించి 1703లో ఒక పుస్తకం అచ్చువేశాడు. ఒక్కొక్క చోట గళ్ళ తీరు ఒక్కొక్క రకమనీ, వాటిని ఎరిగినవాడు మనిషి కట్టిన బట్ట చూసి అతనిది ఏ ప్రాంతమో పోల్చగలడనీ అందులో రాశాడు. స్త్రీలు ఒక కర్రముక్క మీద చారలోని పోగుల లెక్క గుర్తు పెట్టుకునేవారట. ఆ కర్ర ఉంటే చాలు, అదే బట్టను మళ్ళీ నెయ్యవచ్చు.

తరవాత చెడ్డ కాలం వచ్చింది. అక్కడి కొండప్రాంతాలవాళ్ళు చాలామంది రాజు మీద తిరగబడి, 1746లో కలోడెన్ అనే చోట ఓడిపోయారు. ఆ ఏడే ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం, పటాలాల్లో ఉన్నవాళ్ళు తప్ప ఆ ప్రాంతపు మగవాళ్ళెవరూ తమ పాత దుస్తులు ధరించగూడదు. 1782లో గాని ఆ చట్టం పోలేదు. ఒక తరం గడిచిపోయింది! ఈలోగా పాత తీరులు చాలా మరుగున పడ్డాయి.

మళ్ళీ టార్టన్‌కు గిరాకీ పెరిగినప్పుడు, బానక్‌బర్న్ అనే ఊళ్ళోని విల్సన్ల మగ్గాలవాళ్ళు కొత్త తీరులు కూడా నేసి, కొన్నింటికి అబర్డీన్, గ్లాస్గో వంటి ఊళ్ళ పేర్లు పెట్టారు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు తానే కిల్ట్ కట్టాడు. దానితో అది అందరికీ గొప్ప అయింది. వంశాలకు వేరుగా, ప్రాంతాలకు వేరుగా టార్టన్లు స్థిరపడ్డాయి. వంశపు టార్టన్ లేనివాడు తన ప్రాంతపు టార్టన్ కట్టుకుంటాడు. 2009 నుంచి ప్రభుత్వమే వీటి చిట్టా ఉంచుతున్నది. పోగుల లెక్క అందులో ఉంటుంది గనక, నూరేళ్ళ తరవాతయినా ఆ బట్టను ఎవరైనా నెయ్యవచ్చు.

ఇక మన ఊరికి వద్దాం. విశాఖపట్నంలో రైలెక్కి, విజయనగరం, చీపురుపల్లి దాటిపోతే, శ్రీకాకుళం జిల్లాలో పొందూరు స్టేషను వస్తుంది. ఇక్కడి ఖద్దరుకు గళ్ళు లేవు, రంగుల వరసలు లేవు. దాన్ని గుర్తుపట్టేది నూలును బట్టి.

ఆ నూలు వడికే స్త్రీలు పత్తిని మొదట ఒక దువ్వెనతో దువ్వుతారు. ఆ దువ్వెన ఏమిటో తెలుసా? వాలుగ చేప దవడ ఎముక! దానికి సన్నని పళ్ళు దగ్గరదగ్గరగా ఉంటాయి. వాటితో దువ్వితే చెత్త పోయి, పత్తిపోగులన్నీ ఒకే వైపుకు తిరుగుతాయి. తరవాత చెక్క మీద పత్తి పెట్టి, ఇనప కడ్డీ దొర్లించి గింజ తీస్తారు. చిన్న వింటితో ఏకి, ఏకులు చేసి, ఒంటికదురు రాట్నం మీద వడుకుతారు.

వాళ్ళు తీసే నూలు 100 నంబరుది. అంటే ఏమిటి? ఒక పౌను, అనగా అరకిలోకు కొంచెం తక్కువ పత్తి నుంచి 84,000 గజాల పోగు వస్తుందన్న మాట. అది సుమారు 77 కిలోమీటర్లు. ఒక కొస విశాఖపట్నం స్టేషనులో కట్టి రైలెక్కితే, విజయనగరం దాటినా పోగు తెగిరాదు!

1921లో గాంధీగారు ఈ పని చూసి రమ్మని తన కుమారుడు దేవదాసును పొందూరు పంపారు. సినీనటుడు అక్కినేని నాగేశ్వరరావుగారు పొందూరు పంచెలను ఎంతో ఇష్టపడి కట్టేవారు.

అయినా ఒక దిగులున్నది. టార్టన్ తీరు కర్ర మీదనో కాగితం మీదనో ఉంటుంది. పొందూరు నూలు ఎంత లాగాలో, ఎక్కడ సడలించాలో ఏ కాగితం మీదా రాసిలేదు. అది వడికేవాళ్ళ వేళ్ళలో ఉన్నది. వాళ్ళలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళు. పని సన్నం, కూలి కూడా సన్నమే. అందుచేత ఇంట్లో పిల్లలు వేరే పనులకు పోతున్నారు. ఊరి పేరును దొంగిలించకుండా చట్టం కాపాడగలదు. 1999లో మన దేశంలో అటువంటి చట్టం చేశారు కూడా. కాని చేతిపనిని కాపాడేది చట్టం కాదు, నేర్చుకునేవాళ్ళూ, తగిన ధర ఇచ్చి కొనేవాళ్ళూను. ఒక తరం మానేస్తే ఏమవుతుందో స్కాట్లండు కథ చెబుతూనే ఉన్నది గదా!

ఈసారి మీ ఇంట్లో బట్టల పెట్టె తెరిచినప్పుడు, అందులో ఏయే ఊళ్ళున్నాయో అమ్మనూ తాతగారినీ అడిగి, ఒక జాబితా రాయండి. ఆ ఊళ్ళు పటంలో ఎక్కడున్నాయో వెతకండి.