రెండు నదుల నడుమ

"నడిగడ్డల పుట్టి అలంపురం సూడకుంటే ఎట్లరా" అని పెద్దమ్మ పట్టుబట్టడంతో భాద్రపదంలో ఇంటిల్లిపాదీ తుఫాను బండెక్కాం. కృష్ణా తుంగభద్రల నడుమ నేలే మా నడిగడ్డ.

గట్టు ఊరు దాటగానే సీడు పత్తి చేలు. ఒక చేను దగ్గర బండి ఆపించాం. ఆడవాళ్లు క్రాసింగ్ చేస్తున్నారు. ముందురోజు సాయంత్రం మొగ్గ రేకులు, పుప్పొడి తిత్తులు గోటితో ఒలిచి గుర్తు పెట్టుకుంటారు. పొద్దున మగపువ్వు తెంపుకొచ్చి, ఆ మొగ్గల్లో నిలిచిన కీలాగ్రాలకు ఒక్కొక్కదానికే అద్దుతారు. ఎండ ముదిరితే పుప్పొడి పనిచేయదు. అందుకే మమ్మల్ని పలకరిస్తూనే ఉన్నారు గానీ, వాళ్ల చేతులు ఆగలేదు. ఎక్కడెక్కడి రైతులో విత్తుకునే హైబ్రిడ్ పత్తి గింజ వెనక ఈ ఆడవాళ్ల నడుంనొప్పి ఉంది. కోటలకన్నా ముందు చూడవలసింది ఇదే అనిపించింది.

గద్వాలలో ఒకప్పటి పాలకుడు సోమనాద్రి కట్టించిన కోట, లోపల చెన్నకేశవస్వామి గుడి చూసి ముందుకు సాగాం.

అలంపురంలో తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మ ఆలయాలున్నాయి. పేరులో బ్రహ్మ ఉన్నా అన్నీ శివాలయాలే. స్వర్గబ్రహ్మ గుడి గోడల మీది దిక్పాలకులను చూస్తూ పిల్లలు కదల్లేదు. పదమూడు వందల ఏళ్ల కిందటి రాయి, ఇంకా అంత నునుపు!

నన్ను పట్టి నిలిపింది మాత్రం సంగమేశ్వరాలయం. ఇది పుట్టింది ఇక్కడ కాదు, కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోతుందని రాయి రాయి విప్పి తెచ్చి, అలంపురంలో మళ్లీ పేర్చారు. ప్రాకారం చుట్టూ తిరుగుతూ రాతికీ రాతికీ మధ్య సందుల్ని వేలితో తడిమి చూశాను. ఎంత ఓపిక, ఎంత శ్రద్ధ! గుడి వచ్చింది గానీ ఆ సంగమం రాలేదు, ముంపు ఊళ్ల ఇళ్లూ రాలేదు.

పెద్దమ్మ చాలాసేపు గోడకేసి చూసింది. "నీళ్లొస్తయని ఇంత గుడిని జరిపిన్రు. మా చేన్లకు నీళ్లు జరపనీకి ఇన్నేండ్లా?"

ఇటు కృష్ణ, అటు తుంగభద్ర. మధ్యలో ఎత్తున ఉన్న గట్టు మెట్టచేలు మాత్రం తరతరాలుగా వానకోసం చూశాయి, మనుషులు వలసపోయారు. నెట్టెంపాడు ఎత్తిపోతలతో కొంత తడి అందింది. గట్టు ఎత్తిపోతలకు 2018లో శంకుస్థాపన జరిగింది. తిరుగుదారిలో బండిలో అదే మాట: ఎవరి చేను కాలువ కిందికొస్తుంది, ఎవరిది బోరు మీదే నడవాలి, వచ్చే ఏడు సీడు పెట్టాలా కంది వేయాలా అని.