రాత్రి పన్నెండుకే వచ్చే జబ్బు

ముందు మీ ఫోన్ తీయండి. సెట్టింగ్స్‌లో, ఇప్పుడు కనెక్ట్ అయి ఉన్న వైఫై వివరాలు చూడండి. మ్యాక్ అడ్రస్ అని పన్నెండు అంకెలు, అక్షరాలు కలిసి కనిపిస్తాయి. అందులో రెండోది 2, 6, ఏ, ఈ.. వీటిలో ఒకటైతే అది ఫ్యాక్టరీ ఇచ్చింది కాదు, మీ ఫోన్ సొంతంగా కల్పించుకున్నది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ఈ ఏర్పాటు ఉంది. ఎక్కడికెళ్లినా అక్కడి వైఫై మనల్ని ఒకే అడ్రస్‌తో గుర్తుపట్టకుండా!

ఈ రెండో అక్షరం సంగతి బీటెక్ నాలుగేళ్లలో నాకెవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు, నేనే విని ఉండను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది తెలిసింది. పరువు పోయాక.

అప్పట్లో మా టీమ్‌కి రెండు సర్వర్లు, వాటిలో కంటైనర్లు. ఒకే ఇంట్లో గదులు విడివిడిగా అద్దెకిచ్చినట్టు, ఒకే మెషీన్‌లో ఒక్కో సాఫ్ట్‌వేర్‌కి ఒక్కో గది అనుకోండి. మామూలుగా వాటికి డాకరే అడ్రస్ ఇచ్చేస్తుంది. చాలా ఏళ్లు 02:42 అని మొదలుపెట్టి, వెనకాల ఐపీ అడ్రస్‌నే హెక్సాలోకి మార్చి తగిలించేది. మా కంటైనర్లేమో ఆఫీస్ నెట్‌వర్క్‌లో నేరుగా కనపడాలి. అడ్రస్‌లు మనమే రాండమ్‌గా ఇద్దామన్నారు. స్క్రిప్ట్ నేను రాస్తానన్నా.

48 బిట్లు, అంటే ఆరు బైట్లు. పది లైన్ల పని. రన్ చేస్తే సగం కంటైనర్లు లేచాయి, సగం లేవలేదు. మళ్లీ చేస్తే ఇంకో సగం! తవ్వితే తేలిందేంటంటే, మొదటి బైట్‌లో చివరి బిట్ 1 అయితే అది ఒక్కరి అడ్రస్ కాదు, గుంపుది. లినక్స్ దాన్ని ఒక్క కంటైనర్‌కి ఇవ్వనంటుంది. ఆ బిట్ 0 చేసి, దాని పక్క బిట్ 1 చేస్తే 'ఇది కంపెనీ ముద్ర లేని లోకల్ అడ్రస్' అని అర్థం. మీ ఫోన్‌లో 2, 6, ఏ, ఈ వచ్చేది అందుకే. సరిచేశా. మిగిలిన 46 బిట్లతో దాదాపు 70 లక్షల కోట్ల అడ్రస్‌లు. ఇంకేం, రెండు ఒకటయ్యే చాన్సే లేదనుకున్నా.

వారం తర్వాత మొదలైంది. పగలంతా బాగానే ఉంటుంది. అర్ధరాత్రి ఆటోమేటిక్‌గా కంటైనర్లు లేచాక పింగ్ పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. మూడు రాత్రులు గచ్చిబౌలి పీజీలో మేలుకుని చూశా. నా కోడ్ మీద నాకు ఎంత నమ్మకమంటే, మేనేజర్‌ని కాపీలో పెట్టి 'స్విచ్ ప్రాబ్లమ్' అని నెట్‌వర్క్ టీమ్‌కి మెయిల్ కొట్టా. మర్యాదగా కూడా కాదు.

నెట్‌వర్క్ అన్న నా సీటు దగ్గరికొచ్చాడు. లాప్‌టాప్ తిప్పి చూపించాడు. "తమ్ముడూ, ఒకే మ్యాక్ రెండు పోర్టుల్లో కనబడుతోంది. నా స్విచ్ ఎటు పంపాలె?"

రెండు సర్వర్లలోనూ అడ్రస్‌ల లిస్టు ఒకటే. వరస కూడా అదే.

ఫస్టియర్ సీ ల్యాబ్ అలవాటు నాది. రాండమ్ నంబర్ అనగానే ముందు టైమ్‌ని సీడ్‌గా ఇచ్చేయడం. సీడ్ ఒకటైతే ఆ తర్వాత వచ్చే 'రాండమ్' నంబర్లన్నీ ఒకటే. పగలు నేను చేత్తో ఒక సర్వర్ తర్వాత ఒకటి స్టార్ట్ చేసేవాణ్ణి, సెకన్లు తేడా ఉండేవి. రాత్రి రెండూ సరిగ్గా 12:00:00కి లేస్తాయి. రెండు గడియారాలూ పక్కాగా కలిసి ఉండటమే మా కొంప ముంచింది. 70 లక్షల కోట్లు ఎందుకు? నా స్క్రిప్ట్‌కి తెలిసింది ఒక్క సెకనే.

సీడ్ లైన్ తీసేసి, ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే రాండమ్ బైట్లే వాడుకున్నా. రెండు నిమిషాల పని. మెయిల్‌కి మాత్రం గంట పట్టింది. 'తప్పు నాదే, స్విచ్‌ది కాదు' అని రాసి, రిప్లై ఆల్ మీద వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టా.

అన్న రిప్లై ఒక్క ముక్క: "చాయ్ నీదే."